హంస కారు, గరుడ సైలెన్సరు

గవర్రాజు కారు పేరు హంస. ఆ పేరు కంపెనీవాళ్ళు పెట్టిందే, గవర్రాజు ముద్దుగా పెట్టుకున్నది కాదు. ఆ కంపెనీ ఇలాంటివి ఓ మూడువేల కార్లు తయారుచేసి, ఇంక చాల్లే అనుకుని మూతపడిపోయింది. మూతపడ్డ కంపెనీ కారు ఉన్నవాడికి ఒక సౌకర్యం ఉంది. కారుకి చిన్న నట్టు ఊడినా ఊరంతా పరామర్శకి వస్తుంది. నట్టు మాత్రం ఎవరూ తీసుకురారు.

గవర్రాజు కళ్ళజోళ్ళు అమ్ముతాడు. వేరే దుకాణం లేదు, కారే దుకాణం. వెనక సీటు పీకేసి అద్దాల పెట్టెలు పేర్చుకున్నాడు. వెనక తలుపు పైకెత్తి, దానికి అక్షరాల అట్ట తగిలించి, వారానికి ఐదు సంతల్లో ముసలీ ముతకా చేత ఆ అట్ట చదివిస్తాడు. ఎవరికి ఏ అద్దం పడుతుందో రాసుకుని, మళ్ళీ వారానికి జోడు తయారుచేసి తీసుకెళ్ళి స్వయంగా వాళ్ళ ముక్కు మీద పెడతాడు. గోదావరి లంకల్లో సగం ముక్కులు గవర్రాజుకి పేరుపేరునా తెలుసు.

అలాంటి కారుకి సైలెన్సరు పోయింది. సముద్రపు గాలికి తుప్పుపట్టి, చిల్లులు పడి, ఒక శుక్రవారం నిండు సంతలో తెగి కిందపడింది. ఆ మోతకి పక్కన కట్టేసిన గేదెలు పలుపులు తెంచుకుని పరుగెత్తాయి. ఇంజను ఆపాక కూడా పావుగంటసేపు ఎవరేం మాట్లాడుతున్నారో ఎవరికీ వినబడలేదు. చూపు బాగు చెయ్యడానికి వచ్చి చెవులు పోగొట్టాడని సంతలో ఆడవాళ్ళు గవర్రాజుని తిట్టారు. ఆ తిట్లూ ఆయనకి వినబడలేదు.

మెకానిక్కు బుల్లబ్బాయి కారు కిందకి దూరి, వీపంతా మట్టి చేసుకుని బయటికొచ్చాడు.

"హంస సైలెన్సరు ఇంక ఈ భూమ్మీద దొరకదండి. తుక్కులో వచ్చిన గరుడ బండిది ఒకటుందండి నా దగ్గర. ఇనుము ఇంకా గట్టిగా ఉందండి."

"గరుడది హంసకి పడుతుందా?"

"పడదండి. నాలుగంగుళాలు పొడవెక్కువ. గొట్టం ఒక నూలు లావెక్కువ. వేలాడగట్టే కొక్కేలు మనకి ఎడం పక్కనుండాలి, దానికేమో కుడిపక్కనున్నాయి." బుల్లబ్బాయి ముక్కు గోక్కున్నాడు. "కోసి, వంచి, అతికితే ఎందుకు పడదండి? చచ్చినట్టు పడుతుంది."

కోశాడు, వంచాడు, అతికాడు. ముందు గొట్టానికి రేకు చుట్టి క్లాంపు బిగించాడు. వెనక ఇరుసు మీదుగా పోయే గొట్టాన్ని మంటతో ఎర్రగా కాల్చి వంపు తిప్పాడు. కొక్కేలు కొత్తవి వెల్డింగు పెట్టాడు. ఆ తర్వాత తాళం తిప్పితే, ఇంజను పలికిందో లేదో తెలియక గవర్రాజు దిగి బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. అంత నెమ్మది. ఆ కారుని సెకండుహ్యాండులో కొన్న పదకొండేళ్ళలో మొదటిసారి అందులో కూర్చుని ఆయన తన ఆలోచనలు తాను వినగలిగాడు. బుల్లబ్బాయిని కావలించుకుని తన చొక్కా కూడా మట్టి చేసుకున్నాడు.

మామూలు రోజుల్లో అయితే కథ ఇక్కడితో అయిపోవలసిందే. కానీ ఆ వారమే కారు యోగ్యతా పత్రానికి గడువు తీరింది.

వీరన్నపేటలో వాహన యోగ్యతా నిర్ధారణ కార్యాలయం అని ఒకటుంది. వెనకటికి అక్కడివాళ్ళు బండి ముందుకి వెళ్తుందా, తొక్కితే ఆగుతుందా అని చూసి సంతకం పెట్టేసేవాళ్ళు. ఆ మధ్య పైనుంచి వాళ్ళ మీదకి ఒక కొత్త ఉత్సాహం దిగింది. దాని పేరు అంగమూల శోధన. ఏ బండిలో ఏ భాగం అసలు ఏ బండి కడుపున పుట్టిందో తేల్చాలి. గోడలకి బ్యానర్లు కట్టారు. ఉద్యోగులందరూ ఎండలో వరసగా నిలబడి, అన్యభాగాన్ని కంటితో చూసి ఉపేక్షించబోమని ప్రతిజ్ఞ చేశారు. ఇప్పుడు బండి ఆగుతుందో లేదో చూడ్డానికి ఎవరికీ తీరిక లేదు.

సోమవారం పొద్దున్న తనిఖీ అధికారి వైకుంఠరావు చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పట్టుకుని, హంస కిందకి దొర్లుకుంటూ వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. నిద్రపోయాడేమోనని గవర్రాజు వంగి చూడబోతుంటే కింద నుంచి గొంతు వినిపించింది.

"ప్రస్తుత వాహనము యొక్క పృష్ఠభాగమందు అన్యవాహన అస్తిత్వము గోచరించుచున్నది."

"ఏంటండి?"

"సైలెన్సరు మీద గరుడ అని అచ్చుంది!"

"ఔనండి. హంసది దొరక్క గరుడది వేయించానండి. పొగ తగ్గిందండి, మోత అసల్లేదు. వినండి కావలిస్తే."

వైకుంఠరావు బయటికి దొర్లి వచ్చి, చొక్కా దులుపుకుని, నియమావళి తెరిచాడు. పొరుగువాడి కొత్త బండి పొగ చూపించి తమ పాత బండికి పత్రం పుచ్చుకునే మోసగాళ్ళ కోసం ఎప్పుడో ఎవరో రాసిన నిబంధన ఒకటి అందులో ఉంది.

"పదకొండవ నిబంధన. ఏ వాహనము నుండి పొగ వెలువడునో అదియే పరీక్షింపదగిన వాహనము. ఇప్పుడు చెప్పండి. పొగ ఎందులోంచి వస్తోంది?"

"సైలెన్సర్లోంచండి."

"ఆ సైలెన్సరు ఎవరిది?"

"నాదేనండి."

"ఏ వాహనానిది అని!"

"గరుడదండి."

"కాబట్టి మీరు పరీక్షకి తెచ్చిన వాహనం గరుడ. దరఖాస్తులో హంస అని రాశారు. అంటే రెండు వాహనాలు తెచ్చి ఒకదానికే దరఖాస్తు పెట్టారు. అది ఒక నేరం. రెండు వాహనాల మధ్య పదడుగుల దూరం ఉండాలి. అది రెండోది." ఆయన వంగి, హంసకీ సైలెన్సరుకీ మధ్య టేపు పెట్టి కొలిచి, సున్నా అని రాసుకున్నాడు.

గవర్రాజు కంగారుపడ్డాడు. "ఇప్పుడే ఊడదీయించేస్తానండి."

"తనిఖీలో నమోదైన వాహనాలను విడదీయుట సాక్ష్యమును తారుమారు చేయుట. అది మూడోది. రేపు రండి. రెండు వాహనాలూ ఇక్కడే ఉంటాయి."

ఇంటికి నడిచి వెళ్తుంటే దారిలో ఫోను మోగింది. పాలంకలో బట్టలు కుట్టే అన్నవరం. బుధవారం పాలంక సంత. ఆ ఒక్క సంతకే నలభై మూడు జోళ్ళు తయారుచేసి పెట్టెల్లో సర్దాడు గవర్రాజు. అందులో అన్నవరానిది మొదటిది. ఆయన పాత జోడుని మేక తొక్కేసి పది రోజులైంది.

"గవర్రాజు గారండీ, ఎల్లుండి వస్తన్నారు కదండీ? సూదిలో దారం ఎక్కించలేక చస్తన్నానండి. నిన్న మాస్టారి చొక్కాకి గుండీలు వీపు మీద కుట్టేశానండి."

"వస్తానయ్యా. మాటిస్తున్నాను కదా."

"ఆయన అదే తొడుక్కుని బళ్ళోకెళ్ళారండి పాపం. వెనక్కి తిరిగి పాఠం చెప్తన్నారనుకుని పిల్లలు గోల చేశారంటండి."

మంగళవారం ముఖ్య యోగ్యతాధికారిణి కమలేశ్వరి గారే స్వయంగా పరీక్షకి కూర్చున్నారు. ఆవిడ ముఖంలో సంతోషం దాగడం లేదు. అంగమూల శోధన మొదలెట్టి నెల్లాళ్ళయినా జిల్లాలో ఒక్క కేసూ దొరకలేదు. ఇప్పుడు దొరికింది. వైకుంఠరావుకి శాలువా కప్పే తేదీ కూడా ఆ ఉదయమే ఖాయం చేశారు.

"ముందుగా నిర్ధారింపవలసిన అంశము," అన్నారావిడ, "హంస గరుడను ఈడ్చుకొని పోవుచున్నదా, లేక గరుడ హంసను నెట్టుకొని పోవుచున్నదా?"

దీని మీద రెండు విడతల టీ అయ్యేదాకా చర్చ నడిచింది. ఈడ్చుకుపోతున్నదైతే, ఈడ్వబడే వాహనంలో కూడా ఒక డ్రైవరు కూర్చోవాలని నిబంధన ఉంది. సైలెన్సరులో డ్రైవరుని ఎలా కూర్చోబెట్టాలన్న దగ్గర సభ చిక్కుకుపోయింది. ఒకాయన, గవర్రాజు వెంట వచ్చిన బుల్లబ్బాయి వంక ఎగాదిగా చూసి, సన్నగా ఉన్నాడే అన్నాడు. బుల్లబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పొగ వెనుకకు వెలువడుచున్నది గనుక గరుడయే ముందుకు నెట్టుచున్నదని భావింపవచ్చును," అని వైకుంఠరావు దారి చూపించాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నెట్టే వాహనాల గురించి నియమావళిలో ఏమీ లేదు.

రెండు వాహనాలనీ విడివిడిగా పరీక్షించాలని తీర్మానమైంది. ముందు హంస. బుల్లబ్బాయి ఇంజను తిప్పాడు. వైకుంఠరావు పొగ కొలిచే మిషను పట్టుకుని హంస చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దీపాల దగ్గర పెట్టాడు, తలుపుల దగ్గర పెట్టాడు, సైలెన్సరు దగ్గర మాత్రం అది వేరే వాహనం కాబట్టి పెట్టలేదు.

"సున్నా!" అని ప్రకటించాడు.

"సున్నాయా?" కమలేశ్వరి గారు కుర్చీలోంచి లేచారు. "ఈ కార్యాలయ చరిత్రలో సున్నా పొగ వచ్చిన వాహనము లేదు."

గవర్రాజు ముఖం వికసించింది. బుల్లబ్బాయి చప్పట్లు కొట్టబోయాడు.

"పొగ రాని వాహనము నడువని వాహనము," అని ఆవిడ పేజీ తిప్పారు. "పధ్నాలుగవ నిబంధన. పదిహేనేండ్లు దాటి, నడువని స్థితిలోనున్న వాహనము తుక్కుగా పరిగణింపబడును."

"అమ్మా, ఇంజను తిరుగుతోందండి! దగ్గరగా వింటే చప్పుడు వినబడుతోంది కదండీ!"

ఆవిడ చెవి ఒగ్గి విన్నారు. విని, జాలిగా తల అడ్డంగా ఊపారు. "ఆ చప్పుడు గరుడలోంచి వచ్చుచున్నది."

తర్వాత గరుడ పరీక్ష. వైకుంఠరావు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే పైకి చదివాడు. దీపాలు, పగిలినవి లేవు. టైర్లు, అరిగినవి లేవు. అద్దముల మీద గీతలు లేవు. తలుపులు జామ్ అయినవి లేవు. బ్రేకులు, నిలిపినచోటనే నిలిచియున్నది. పొగ, పరిమితికి లోబడియున్నది. ఇంత మంచి బండి తన సర్వీసులో చూడలేదని ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. గరుడకి ఐదేళ్ళ యోగ్యతా పత్రం ఇచ్చారు. దానికో కొత్త నంబరు పలక కూడా ఇచ్చి, సైలెన్సరుకి తీగతో కట్టించారు.

హంసకి తుక్కు ఆదేశం ఇచ్చారు. మర్నాడు పదిన్నరకి లారీ వచ్చి దాన్ని నలిపివేత కేంద్రానికి తీసుకుపోతుంది.

గవర్రాజుకి పదకొండేళ్ళుగా ఆ కారే దుకాణం, భోజనాల గది, వానొస్తే ఇల్లు. అది పోతే సంతలు పోతాయి. అన్ని పెట్టెలు నెత్తిన పెట్టుకుని లంకల్లో తిరగడం యాభై రెండేళ్ళ మనిషి వల్ల కాదు. ఏడుపొచ్చింది. ఆఫీసు ఆవరణలో ఏడిస్తే బాగుండదని కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నట్టు నటించాడు.

"అమ్మా, రేపు పాలంక సంతండి. నలభై మూడు మంది కళ్ళు ఆ కార్లో ఉన్నాయండి."

"కన్నులను దింపుకొనవచ్చును," అని కమలేశ్వరి గారు అనుమతి ఇచ్చారు.

బుధవారం పొద్దున్నే పెట్టెలు దింపుకోవడానికి గవర్రాజు, బుల్లబ్బాయి వచ్చారు. అన్నవరం అప్పటికే ఫోను చేశాడు. పొద్దున్న మిషను సూది బొటనవేల్లోంచి పోయిందని, కట్టు కట్టుకుని సంతలో కూర్చున్నానని, తొందరేం లేదు నెమ్మదిగా రమ్మని చెప్పాడు. ఆ నెమ్మదిగా అన్న మాటకి గవర్రాజు ప్రాణం ఉసూరుమంది.

పదిన్నరైంది. లారీ రాలేదు. పదకొండైంది. గుమస్తా ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చి కమలేశ్వరి గారి చెవిలో ఏదో చెప్పాడు. లారీ గేటు దాకా వచ్చిందట. గేటు దగ్గర వైకుంఠరావు దాని కిందకి దొర్లాడట. దాని సైలెన్సరు కూడా వేరే బండిదట.

ఆఫీసు జీపుకి కట్టి లాగిద్దామని ఎవరో అన్నారు. వైకుంఠరావు జీపు వైపు నడవబోయాడు. వద్దు వద్దని నలుగురు ఆయన్ని పట్టుకుని ఆపారు.

తుక్కు ఆదేశాన్ని ఆ మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా అమలు జరపాలి. లేకపోతే ఎందుకు జరపలేదో పైకి జవాబు రాసుకోవాలి. కమలేశ్వరి గారి నుదుటి మీద చెమట పట్టింది. ఈలోగా గవర్రాజు వేరే పని లేక గరుడ యోగ్యతా పత్రం చదువుకుంటున్నాడు. ఒకసారి చదివాడు. పెట్టెలోంచి ఇంకొంచెం పవరున్న జోడు తీసి పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఈ వాహనము తగు సరుకుతో రాష్ట్రమందెచ్చటికైనను ప్రయాణించుటకు యోగ్యము.

ఆయన లేచి ఆవిడ ముందుకెళ్ళాడు. ఈ మూడు రోజుల్లో ఆ ఆఫీసు ఆయనకి చాలా నేర్పింది.

"అమ్మా, తుక్కు అంటే సరుకేనాండి?"

"నిస్సందేహముగా."

"నా గరుడకి సరుకు మొయ్యడానికి మీరు పత్రం ఇచ్చారు కదండీ. దాని మీద ఈ హంసని వేసుకుని నేనే తీసుకుపోతానండి."

కమలేశ్వరి గారు వైకుంఠరావు వంక చూశారు. వైకుంఠరావు నియమావళి వంక చూశాడు. "సరుకు ఇప్పటికే వాహనము మీదకు ఎక్కింపబడియున్నది," అన్నాడు గొంతు తగ్గించి. "తాళ్ళకు బదులు వెల్డింగు చేయబడినది. ఇంత పటిష్ఠముగా కట్టిన సరుకును నేను చూడలేదు."

అక్కడి నుంచి పని చకచకా సాగింది. సరుకు వాహనం కంటే ముందుకి పదకొండడుగులు పొడుచుకొచ్చింది కాబట్టి హంస ముక్కుకి ఎర్రగుడ్డ కట్టారు. సీటు లేని వాహనానికి డ్రైవరు అక్కర్లేదని తేల్చారు. కానీ సరుకు వెంట ఒక కాపలా మనిషి ఉండొచ్చు. ఆ మనిషి సరుకు లోపల కూర్చుని, సరుకు అటూ ఇటూ జారకుండా అందులో ఉన్న గుండ్రటి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకోవాలని రాతపూర్వకంగా ఇచ్చారు. చూసినవాళ్ళు పొరబడకుండా హంస పక్క తలుపు మీద ఒక బోర్డు బిగించమని ఆదేశించారు. అప్పటికప్పుడు తెల్లరంగు మీద నల్లరంగుతో రాయించి బుల్లబ్బాయి చేత నాలుగు మరలు వేయించారు.

"నలిపివేత కేంద్రానికి ఎప్పట్లోగా చేరాలండి?" గవర్రాజు చేతులు కట్టుకుని అడిగాడు.

ఆదేశం తిరగేసి చూశారు. గడువు లేదు. "వాహన యోగ్యత ఉన్నంత కాలము ప్రయాణములోనున్నట్లే," అన్నారు కమలేశ్వరి గారు.

"ఐదేళ్ళన్నమాటండి. దారిలో సంతల్లో ఆగొచ్చాండి?"

"సరుకు వాహనము సంతలో ఆగక మరెక్కడ ఆగును?" ఆవిడకి విసుగొచ్చింది. పన్నెండుకి ఇంకా ఐదు నిమిషాలుండగా ఆదేశం అమలైనట్టు సంతకం పెట్టారు.

దింపిన పెట్టెలు మళ్ళీ సర్దుకుని గవర్రాజు కాపలా మనిషిగా లోపల కూర్చున్నాడు. సరుకు తాళం తిప్పాడు. వైకుంఠరావు, మోకాలు నొప్పెడుతున్నా వంగి, వెళ్ళిపోతున్న గరుడని కనుమరుగయ్యేదాకా మెచ్చుకోలుగా చూశాడు. గేటు దాటాక గవర్రాజు నవ్వడం మొదలెట్టి ఏటిగట్టు ఎక్కేదాకా ఆపలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈసారి తుడుచుకోలేదు.

పాలంక చేరేసరికి సంత సగం అయింది. కానీ కళ్ళజోళ్ళ వాళ్ళు ఒక్కళ్ళూ వెళ్ళలేదు. ఎర్రగుడ్డ కట్టుకుని హంస కనబడగానే గోల చేస్తూ వచ్చి వరస కట్టారు. ముందు అన్నవరం, బొటనవేలికి కట్టుతో. గవర్రాజు ఆయన జోడు తీసి, తుడిచి, ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సర్దాడు.

"ఎలా ఉందయ్యా?"

అన్నవరం తల తిప్పి అటూ ఇటూ చూశాడు. కళ్ళ ముందున్నది కారు పక్క తలుపు. దాని మీద బోర్డు. వేలు పెట్టుకుంటూ పైకి చదివాడు.

"గమనిక. ఇది కారు కాదు. సరుకు."

చక్రాల వంక చూశాడు. దీపాల వంక చూశాడు. వంగి లోపలున్న స్టీరింగు చూశాడు. జోడు తీసి, చొక్కా అంచుతో గట్టిగా తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. వెనక వరసలో ఉన్న నలభై రెండు మందీ మెడలు చాచి చూస్తున్నారు. అన్నవరం జోడు ఊడదీసి, మడిచి, గవర్రాజు చేతిలో పెట్టాడు.

"ఇది నాకు పడదండి, గవర్రాజు గారూ. ఇంకో జోడు చూడండి."